బీజ్ సీట్లకీ జలుబుకీ సంబంధం లేదు, ముందు గ్లవ్ బాక్స్ వెనకాల చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మూడేళ్లు వాడిన కారు ఆరు నెలల క్రితం కొన్నారు. లోపలంతా బీజ్ రంగు, అంటే లేత బిస్కెట్ రంగు. కార్ల పిచ్చి ఉన్న మీ ఫ్రెండ్స్ "హైదరాబాద్ దుమ్ములో బీజ్ ఏంట్రా, నల్ల కవర్లు వేయించెయ్" అని ప్రాణం తీస్తున్నారు. ఇంకోపక్క మీ ఆవిడకీ పాపకీ కారెక్కిన పది నిమిషాలకే తుమ్ములు, ముక్కు కారడం. "ఆ లేత గుడ్డ దుమ్ము పట్టేస్తోంది, అందుకే ఈ జలుబు" అని మీ మామగారి తీర్పు. నల్ల రెగ్జిన్ కవర్లకి 12,000 చెప్పారు, వేయించాలా వద్దా అని అడిగారు.

వేయించకండి. సీటు రంగు వల్ల ఎవరికీ జలుబు చేయదు. ఆ డబ్బు జేబులో పెట్టుకుని ముందు రెండు పనులు చేయండి. గ్లవ్ బాక్స్ వెనకాల ఉండే ఏసీ ఫిల్టర్ బయటికి తీసి చూడండి. తర్వాత ముందు ఎడమ సీటు దగ్గర మ్యాట్ ఎత్తి, కింద కార్పెట్‌ని అరచేత్తో గట్టిగా నొక్కి చూడండి. తుమ్ముల గోలతో నా దగ్గరికి వచ్చే బండ్లలో ఎక్కువ వాటికి జవాబు ఈ రెండు చోట్లే దొరుకుతుంది.

నేను డాక్టర్ని కాను, ముందే చెబుతున్నా. రాణిగంజ్‌లో ఒక ఉస్తాద్ దగ్గర సీట్ కవర్లు కుట్టడం నేర్చుకుని, ఆ తర్వాత ఏసీ పనిలోకి దిగి, ఇప్పుడు నాచారంలో సొంత షెడ్డు నడుపుతున్నా. 22 ఏళ్లుగా జనం కార్లలో ఏం తింటారో, ఏం ఒలకబోస్తారో, ఏం దాచిపెడతారో చూస్తూనే ఉన్నా. ఆ అనుభవంతోనే చెబుతున్నా.

మొదట రంగు గొడవ తేల్చేద్దాం. ఒకప్పుడు మన దగ్గర సెడాన్ కారంటే లోపల బిస్కెట్ రంగు ఉండాల్సిందే. చిన్న కారైనా లోపల విశాలంగా కనిపిస్తుంది, చూడ్డానికి ఖరీదుగా ఉంటుంది. ఇప్పుడు "స్పోర్టీ" అనే మాట వచ్చి అన్నీ నల్లబడ్డాయి. నాతో మాట్లాడే కుర్రాళ్లు బీజ్‌ని "అంకుల్ కలర్" అంటారు. అనుకోనివ్వండి.

నిజంగా పట్టించుకోవాల్సింది ఒక్కటే, డ్యాష్‌బోర్డు పైభాగం. అది లేత రంగులో ఉంటే మధ్యాహ్నం ఎండలో ముందు అద్దం మీద దాని నీడ తెల్లగా తేలి రోడ్డు సరిగ్గా కనపడదు. అందుకే సీట్లు, డోర్ ప్యాడ్లు బీజ్ ఇచ్చినా డ్యాష్‌బోర్డు పైన మాత్రం కంపెనీలు ముదురు రంగు వేస్తాయి. మీది కూడా అలాగే ఉండి ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద తెల్ల టర్కీ టవల్ పరిచేవాళ్లు, ముఖ్యంగా దేవుడి బొమ్మ కింద అందంగా ఉంటుందని పరిచేవాళ్లు, ఓసారి మిట్టమధ్యాహ్నం ఎండకి ఎదురుగా నడిపి చూసుకోండి.

వేడి సంగతి. నల్ల సీటు ఎక్కువ కాలుతుంది, అబద్ధం లేదు. మే నెలలో షెడ్డు ముందు రెండు కార్లు పక్కపక్కన ఉంటే చెయ్యి పెట్టి చెప్పొచ్చు ఏది నలుపో. కానీ రంగు ఏదైనా నీడకీ ఎండకీ తేడా మాత్రం పెద్దది. అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు, మన రోహిణి కార్తె లాంటి ఎండలోనే, ఆగి ఉన్న కార్లలో కొలిచి 2018లో ఆ లెక్కలు బయటపెట్టారు. గంటసేపు ఎండలో ఉన్న కారులో సగటున గాలి 47 డిగ్రీలు, సీటు 51, స్టీరింగ్ 53, డ్యాష్‌బోర్డు 69 డిగ్రీల సెల్సియస్‌కి చేరాయి. అదే నీడలో పెడితే సీటు 41, డ్యాష్‌బోర్డు 48 దగ్గర ఆగాయి. కాబట్టి రంగు మీద వాదించే టైములో ఒక వేపచెట్టు వెతుక్కోవడం మేలు. చెట్టు దొరక్కపోతే ముందు అద్దానికి 300 రూపాయల వెండి రంగు షేడ్. నల్ల ఫిల్మ్ జోలికి మాత్రం వెళ్లొద్దు. 2012లో సుప్రీంకోర్టు అద్దాలకి నల్ల ఫిల్మ్ అంటించడాన్ని నిషేధించింది. ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు లోపలికి రావాలన్నది రూలు. కెమెరా చలానా ఇంటికొచ్చాక బాధపడి లాభం లేదు.

ఇక మరకలు. బీజ్ తీసుకున్నవాడి అసలు ఏడుపు ఇదే, నాకు తిండి పెట్టేది కూడా ఇదే.

పోయిన ఏడాది ఒకాయన కొత్త కారుకి కర్మన్‌ఘాట్ హనుమాన్ గుడిలో పూజ చేయించారు. నిమ్మకాయలు తొక్కించి, బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేయించి, అందరూ ఎక్కి ఇంటికెళ్లారు. వాళ్లమ్మగారి చేతి పసుపు వెనక సీటుకి అంటింది. ఐదు వేళ్లూ స్పష్టంగా. ఇంటికెళ్లగానే ఆయన బట్టల సబ్బు పెట్టి రుద్దారు. పసుపు మరక కాస్తా ఎర్రగా, నెత్తురు చెయ్యి పెట్టినట్టు తేలింది. ఆ సాయంత్రమే పరుగెత్తుకొచ్చారు. "అన్నా, ఏదో అపశకునంలా ఉంది, మా అమ్మ ఏడుస్తోంది" అన్నారు. శకునమూ లేదు, ఏమీ లేదు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వస్తుంది కదా, సబ్బు కూడా సున్నం లాగా క్షారమే. నేను చేసిందల్లా తడిగుడ్డతో సబ్బు తీసేసి, నిమ్మరసం నీళ్లలో కలిపి అద్దాను. ఆయన కళ్ల ముందే మళ్లీ పసుపు రంగులోకి వచ్చింది. తర్వాత కారుని రెండు మధ్యాహ్నాలు తలుపులు తెరిచి ఎండలో పెట్టించాను. పసుపు రంగు ఎండకి నిలబడదు, దానంతటదే వెలిసిపోతుంది. పెరట్లో ఎండేసిన పసుపు బట్ట వెలిసినట్టే. మూడో రోజుకి ఆ చెయ్యి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. కూలి అడగడానికి నాకే మొహమాటం వేసింది, అయినా 500 తీసుకున్నా.

జీన్స్ నీలం మాత్రం అలా పోదు. కొత్త జీన్స్ వేసుకుని లేత రెగ్జిన్ మీద గంటల తరబడి కూర్చుంటే ఆ రంగు సీటులోకి ఎక్కుతుంది, ఎండ వేడికి ఇంకా లోపలికి పోతుంది. వారానికోసారి తడి గుడ్డతో తుడుచుకుంటే సరి. ఆరు నెలలు వదిలేసి తెస్తే నేను చేతులెత్తేస్తా. కొబ్బరినూనె తల హెడ్‌రెస్ట్‌కి ఆనితే బీజ్ మీద గోధుమ రంగు వలయం పడుతుంది, దానికి ఒక చిన్న గుడ్డ తొడుగు చాలు. బిర్యానీ పార్శిల్ ఒడిలో పెట్టుకోవాలి గానీ సీటు మీద పెట్టకూడదని వేరే చెప్పాలా.

మరి నలుపు మంచిదే కదా అంటారు మీ ఫ్రెండ్స్. ఇక్కడే నాకూ వాళ్లకూ కుదరదు. నా షెడ్డుకి వచ్చే బండ్లలో లోపల ఎక్కువ మురికి ఉండేది నల్ల ఇంటీరియర్ వాటిల్లోనే. బీజ్ కారు వాడేవాడు మరక కనపడగానే కంగారుపడి తుడుస్తాడు. నలుపు వాడేవాడికి ఏమీ కనపడదు కాబట్టి రెండేళ్లు హాయిగా ఉంటాడు. ఒక నల్ల ఎస్‌యూవీ ఓనర్ "ఇది మెయింటెనెన్స్ లేని బండి అన్నా, తుడవక్కర్లేదు" అని గొప్పగా చెప్పాడు. డ్రైవర్ సీటు బోల్టులు విప్పి పక్కన పెట్టాం. కింద పట్టాల్లో ఉస్మానియా బిస్కెట్ల పొడి, పల్లీలు, ఎవరో పిల్లవాడి పాలు ఒలికి గట్టిపడ్డ అట్ట, బూజు పట్టిన నిమ్మకాయ. తెల్ల టవల్ తడిపి సీటు మీద ఒక్కసారి లాగితే ఇరానీ చాయ్ రంగులోకి వచ్చింది. ఆయనకి చూపిస్తే అద్దంలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

పైగా కవర్ వేయించడంలో ఇంకో తిరకాసు ఉంది. మీ సీటు పక్క కుట్టు దగ్గర ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగ్ కుట్టి ఉంటే, ఆ ఎయిర్‌బ్యాగ్ సీటులోంచే చీల్చుకుని బయటికి రావాలి. దాని మీద మందపాటి రెగ్జిన్ బిగించి కుట్టేస్తే అది సమయానికి తెరుచుకోకపోవచ్చు. నేను కవర్లు కుట్టే రోజుల్లో మన బండ్లలో ఇవి ఎక్కువగా లేవు, ఇప్పుడున్నాయి. వేయిస్తే గనక, పక్క కుట్టు ఎయిర్‌బ్యాగ్ కోసమే తేలిగ్గా తెగేలా వేసిన కవర్లే వేయించాలి. "ఏం కాదు సార్, అందరికీ వేస్తున్నాం" అనే షాపులో వద్దు. ఇంకొకటి, పాత సీటు తడిగానో మురికిగానో ఉంటే దాని మీద కవర్ వేయడమంటే గాయానికి కట్టు కట్టి మర్చిపోయినట్టే. తడి లోపలే ఉండిపోయి బూజు పెరుగుతుంది. మీ కేసులో నా భయం ఇదే.

సరే, అసలు జబ్బు దగ్గరికి వద్దాం.

ఏసీ ఫిల్టర్. బయటి గాలి, లోపల తిరిగే గాలి కూడా దీంట్లోంచే పోతుంది. కంపెనీలు సాధారణంగా ఏడాదికో, 10,000 నుంచి 15,000 కిలోమీటర్లకో మార్చమంటాయి. కోకాపేట, నార్సింగి వైపు తిరిగే బండ్లకి ఈ లెక్క పనికిరాదు. అక్కడ రాళ్లు పేలుస్తున్నారు, రెడీమిక్స్ లారీలు తిరుగుతున్నాయి, ఆరు నెలలకే ఫిల్టర్ సిమెంటు బస్తాలా తయారవుతుంది. సెకండ్ హ్యాండ్ బండి అన్నారు కాబట్టి పాత ఓనర్ అసలు మార్చాడో లేదో కూడా మనకి తెలియదు. సర్వీసు బిల్లులో మార్చినట్టు రాసి ఉన్నా నమ్మొద్దు. ఒక కస్టమర్ బిల్లు చూపిస్తూ గ్లవ్ బాక్స్ విప్పించాడు. లోపలున్నది కంపెనీ మొదట వేసిన ఫిల్టరే, తయారైన సంవత్సరం దాని మీదే ఉంది. ఎక్కడ సర్వీసు చేయించాడో అనవసరం, ఇలాంటివి అన్ని చోట్లా జరుగుతాయి.

సెల్లార్ పార్కింగ్ ఉన్న అపార్ట్‌మెంట్ అయితే ఇంకో అతిథి ఉంటాడు, ఎలుక. వానాకాలం రాత్రి ఇంజిన్ వెచ్చగా ఉంటుంది కదా. బానెట్ కిందకి చేరి, వైపర్ల కింద గాలి పీల్చుకునే సందులోంచి దూరి, ఫిల్టర్ మీద గూడు పెట్టుకుంటుంది. మా పిల్లాడు ఒకసారి ఫిల్టర్ లాగితే దాంతోపాటు గుప్పెడు పల్లీ తొక్కలు, పాత పేపర్ ముక్కలు, ఎండిన రెట్టలు ఒళ్లో పడ్డాయి. ఆ బండిలో ఒక బడిపిల్ల రోజూ తుమ్ముతూ బడికెళ్లింది, మూడు నెలలు. అలాంటిది కనిపిస్తే చీపురుతోనో బ్లోయర్‌తోనో ఊదకండి, ఆ పొడి మీ ఊపిరిలోకే వస్తుంది. మాస్కు, గ్లవ్స్ వేసుకుని, డెట్టాల్ నీళ్లు చల్లి తడి చేశాకే తీయాలి.

దీంట్లో నాకే ఒక దెబ్బ తగిలింది, దాచడమెందుకు. ఏడాది పైగా చెట్టు కింద ఆగిపోయిన ఒక కారు క్లీనింగ్‌కి వచ్చింది. పైన, వైపర్ల దగ్గర అంతా పావురాల రెట్టలే, ఎండి పొడైపోయాయి. "ఎన్ని చూడలేదు" అని మాస్కు లేకుండా బ్లోయర్ పెట్టి ఊదా. ఆ రాత్రి నుంచి పొడి దగ్గు, ఆయాసం. మూడు వారాలు తగ్గలేదు. పావురం రెట్టల పొడి కొందరికి ఊపిరితిత్తుల్లో అలర్జీ తెస్తుంది, మళ్లీ మళ్లీ పీలిస్తే ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతింటాయి అని డాక్టర్ చివాట్లు పెట్టాడు. అప్పటినుంచి షెడ్డులో మాస్కు లేకుండా ఎవడూ బ్లోయర్ ముట్టడు.

తడి కార్పెట్. ఏసీ నడుస్తున్నప్పుడు డ్యాష్‌బోర్డు లోపల కూలింగ్ కాయిల్ మీద నీళ్లు పడతాయి, చల్లటి స్టీల్ గ్లాసు మీద చెమట పట్టినట్టు. ఆ నీళ్లు ఒక చిన్న రబ్బరు పైపులోంచి బండి కిందకి కారాలి. కొత్తగా కారు కొన్నవాళ్లు కింద నీళ్లు చూసి లీకేజీ అని ఫోన్ చేస్తారు. అది కారితేనే మంచిది. కారకపోతేనే కంగారుపడాలి. ఉక్కపోతగా ఉన్న రోజు అరగంట ఏసీ నడిపాక కూడా కింద చుక్క పడలేదంటే పైపు మూసుకుపోయిందని అనుమానించాలి. వేపాకులు, బురద, కందిరీగ పెట్టిన మట్టి గూడు, ఇవన్నీ ఆ పైపులోంచి నేను తీశా. దారి లేక ఆ నీళ్లు వెనక్కి తన్ని ముందు ఎడమ వైపు కాళ్ల దగ్గర కార్పెట్ కింద స్పాంజిలోకి దిగుతాయి. పైన రబ్బరు మ్యాట్ ఉంటుంది కాబట్టి మీకు తెలీదు. కింద స్పాంజి మాత్రం నెలల తరబడి నానుతూ బూజు పడుతుంది. ఏసీ వేయగానే తడి సాక్సుల్లాంటి పుల్లటి వాసన ఒక్క నిమిషం వచ్చి పోతుందంటే అది కాయిల్ మీద బూజు. ఎప్పుడూ వస్తుంటే కార్పెట్ కింద చూడాలి.

మీ మామగారిది పూర్తిగా తప్పు కాదు, ఆ మాటకొస్తే. గుడ్డ సీటు దుమ్ము పట్టుకుంటుంది, తేమ తోడైతే దుమ్ములో ఉండే పురుగులు పెరుగుతాయి, కొందరికి వాటివల్లే తుమ్ములు. కానీ నల్ల గుడ్డా అంతే, బీజ్ గుడ్డా అంతే. వాక్యూమ్ చేసి ఎండలో తలుపులు తెరిచి ఆరబెడితే చాలా వరకు తగ్గుతుంది. వాటర్ వాష్ వాడు లోపల సీట్ల మీద నురుగు పోసి కడిగి, ఆరకుండానే అద్దాలు మూసి ఇచ్చేస్తే మాత్రం ముందుకన్నా పాడవుతుంది.

కార్పెట్ తడిగా ఉంటే ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి: ఈ బండి ఎప్పుడైనా వరద నీళ్లలో మునిగిందా? 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వాన మన ఊరివాళ్లు ఎవరూ మర్చిపోరు, కాలనీలకి కాలనీలే మునిగాయి. తర్వాత కొన్ని నెలలు నా దగ్గరికి పైకి అద్దంలా మెరిసే బండ్లు వాసన కంప్లయింట్‌తో వచ్చాయి. మీ బండి ఆ తర్వాతిదే అయినా వాన ప్రతి ఏడాదీ వస్తుంది కదా. చూసే పద్ధతి చెబుతా. సీటు బెల్టు పూర్తిగా చివరిదాకా బయటికి లాగండి, కడిగేవాడు అక్కడిదాకా కడగడు, బురద గీత ఉంటే కనపడుతుంది. డిక్కీలో స్టెప్నీ తీసి గుంతలో ఇసుక ఉందేమో చూడండి. సీటు కింద బోల్టుల తుప్పు చూడండి, మూడేళ్ల బండికి అక్కడ తుప్పు రాకూడదు. ఈ మూడింటిలో రెండు కనిపిస్తే తుమ్ముల సంగతి తర్వాత, ముందు వైరింగ్ చూపించుకోండి.

సెంటు సీసాలు. మీరు చెప్పలేదు గానీ అడుగుతున్నా, ఏసీ గ్రిల్‌కి ఏదైనా పెర్ఫ్యూమ్ తగిలించారా? వాసన వస్తోందని సెంటు పెట్టడం, ఆ సెంటుకి తలనొప్పి, తుమ్ములు రావడం, అది తగ్గడానికి ఇంకో సెంటు, ఇలా నడుస్తుంటాయి చాలా ఇళ్లలో. పది రోజులు అన్నీ తీసేసి చూడండి. కొందరు డిక్కీలో కలరా ఉండలు వేస్తారు, పిల్లలున్న బండిలో అది అస్సలు వద్దు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకి ఆ ఆవిరితో ఎర్ర రక్తకణాలు విరిగిపోతాయి. మీ పాపకి అది ఉందో లేదో పరీక్ష చేయిస్తే గానీ తెలియదు కదా.

ఏసీ వేస్తే డ్యాష్‌బోర్డులోంచి బెంజీన్ వచ్చి క్యాన్సర్ వస్తుందనే వాట్సాప్ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. దాంతో టెన్షన్ వద్దు. కొత్త కారు ప్లాస్టిక్కు, జిగురు వేడికి కొన్ని రసాయనాల ఆవిరి వదులుతాయి, అది నిజమే. కానీ ఎండలోంచి తీసిన కారుకి అద్దాలు దించి ఒక నిమిషం నడిపితే వేడీ, ఆవిరీ చాలావరకు తగ్గుతాయి.

ఇక మిగిలింది అంటుకునే జలుబు. దానికి కారణం వైరస్, ఏసీ చల్లదనం కాదు. కానీ ఐదుగురు కూర్చుని, అద్దాలు మూసి, గాలి లోపలే తిరిగే బటన్ నొక్కి నాలుగైదు గంటలు వెళ్తే ఒకడి జలుబు ఐదుగురికీ పంచినట్టే. మేమే శ్రీశైలం వెళ్లాం ఒకసారి, మా బావగారు దగ్గుతూనే ఎక్కారు, ఘాట్ రోడ్డులో పిల్లల వాంతులు వేరే. తిరిగొచ్చిన మూడో రోజుకి ఇంటిల్లిపాదీ పడకేశాం. ఇప్పుడు ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఎదురెదురు మూలల అద్దాలు రెండు కాస్త దించుతా, ముందు కుడి అద్దం, వెనక ఎడమ అద్దం అన్నమాట. కరోనా రోజుల్లో అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు కంప్యూటర్ మీద కారులో గాలి ఎలా తిరుగుతుందో లెక్కవేసినప్పుడు కూడా అద్దాలు దించినకొద్దీ మంచిదని, అన్నీ దించలేకపోతే ఇలా ఎదురు మూలల గాలి పోయేలా దించితే మేలని తేలింది.

లోపలి గాలి బటన్ సిటీ ట్రాఫిక్‌లో పొగ ఉన్నప్పుడు వాడుకోండి, తప్పు లేదు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాక తీసేయండి. నలుగురు పీల్చి వదిలిన గాలే తిరుగుతుంటే కార్బన్ డయాక్సైడ్ పెరిగి తల బరువుగా, నిద్రమత్తుగా ఉంటుంది. డ్రైవర్ ఆవులిస్తుంటే టీ కన్నా ముందు ఆ బటన్ చూడాలి.

తమ్ముడూ, ఈ ఆదివారం మీరు చేయాల్సిన పని వరసలో చెబుతా. సెంటు తీసేయండి. గ్లవ్ బాక్స్‌లో సామాన్లు తీసి, రెండు పక్కలా లోపలికి నొక్కితే చాలా బండ్లలో అది కిందకి వాలిపోతుంది, స్క్రూ డ్రైవర్ కూడా అక్కర్లేదు. వెనకాల పొడవాటి మూత, దాని వెనక ఫిల్టర్. మామూలు కార్లకి కొత్తది 300 నుంచి 1,000 లోపు దొరుకుతుంది. పాతది దులిపి మళ్లీ పెట్టకండి, దులిపితే పైన దుమ్మే పోతుంది. కార్పెట్ తడిగా ఉంటే మాత్రం మీ చేతుల్లో లేదు. సీట్లు విప్పించి, కార్పెట్ ఎత్తించి ఎండబెట్టించి, డ్రెయిన్ పైపు ఊదించి, కాయిల్‌కి నురుగు క్లీనర్ కొట్టించాలి. ఎవరైనా మొదటి రోజే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలంటే ఇంకోచోట అడగండి, చాలాసార్లు అంత అవసరం రాదు. ఆ తర్వాత రోజూ ఇల్లు చేరడానికి రెండు మూడు నిమిషాల ముందు ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం నడపండి, కాయిల్ ఆరుతుంది, బూజు పట్టదు.

ఇవన్నీ చేశాక రెండు వారాలకీ తుమ్ములు తగ్గకపోతే, లేదా పాపకి పిల్లికూతలు, ఆయాసం ఉంటే, కారు వదిలేసి పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మృగశిర కార్తె చేపమందు దాకా ఆగొద్దు.

కొత్త ఫిల్టర్ పెట్టేటప్పుడు దాని అంచు మీద బాణం గుర్తు ఉంటుంది. గాలి ఎటు పోతుందో అటు ఉండాలి అది. అందుకని పాతది లాగేముందే అది ఎటు చూస్తోందో ఒక ఫొటో తీసుకోండి. తీశాక పాతదాని ఫొటో కూడా ఇక్కడ పెట్టండి, ఎంత పని ఉందో దాన్ని చూస్తే చెప్పేస్తా.